కాలాన్ని పంచిన చరిత్ర: డాల్ఫిన్స్ నోస్ ధ్వజం నుంచి డివైస్ డ్రైవర్ దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• విశాఖ తీరంలోను, తూర్పు కనుమల్లోను ప్రామాణిక సమయం అమలులోకి వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• కంప్యూటరులోని రెండు రకాల గడియారాల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• ఆపరేటింగ్ సిస్టమ్‌లో గడియారాల నిర్వహణ ఉమ్మడి వ్యవస్థగా ఎందుకు మారిందో చర్చించగలుగుతారు.
• సంకేతం అందని ప్రాంతాల్లో స్థానిక గడియారానికి ఉన్న ప్రాధాన్యాన్ని అంచనా వేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లికి తూర్పుగా, పాడేరుకు పడమరగా ఒక గీత పోతుంది. కొండవాలులో గాని, కాఫీ తోటల్లో గాని అది కంటికి కనిపించదు. అది 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. మన దేశపు ప్రామాణిక సమయానికి అదే ఆధారం. పాఠశాల పుస్తకాలు ఈ రేఖ గురించి చెప్పేటప్పుడు ఉత్తరాన మీర్జాపూర్ పేరు, దక్షిణాన కాకినాడ పేరు చెబుతాయి. అయితే ఉత్తరం నుంచి వచ్చే ఈ రేఖ మన తీరానికి చేరే ముందు తూర్పు కనుమల గిరిజన ప్రాంతాన్ని దాటి వస్తుంది.

దీనివల్ల ఒక విశేషం ఏర్పడింది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అరకు లోయ రేఖాంశం సుమారు 82 డిగ్రీల 52 నిమిషాలు. కాబట్టి అరకు స్థానిక సగటు సమయానికి, ప్రామాణిక సమయానికి మధ్య తేడా ఒకటిన్నర నిమిషం మాత్రమే. దేశంలో సూర్యుడి లెక్కకు గడియారం ఇంత దగ్గరగా ఉండే ప్రాంతాలు తక్కువ. అయినా సరైన సమయాన్ని మోసుకొచ్చే సంకేతం, అది తంతి అయినా, రైలు అయినా, మొబైల్ టవరు అయినా, ఈ కొండలకు ఆలస్యంగానే చేరింది. ప్రామాణిక సమయపు గీత ఉన్న చోటికే ప్రామాణిక సమయం చివరగా రావడం ఆలోచించదగిన విషయం.

గడియారం ఉన్నంత మాత్రాన సమయం తెలిసినట్టు కాదు. దాన్ని సరిచేసేవారు, అందరికీ చేరవేసేవారు, చేరనప్పుడు ఏం చేయాలో ముందుగా నిర్ణయించేవారు ఉండాలి. ఈ మూడు పనులను కలిపి గడియార నిర్వహణ అనవచ్చు. ఒకప్పుడు వేధశాల చేసిన ఈ పనులనే నేడు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డివైస్ డ్రైవర్లు చేస్తున్నాయి. ఆ పరిణామాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. విశాఖపట్నం వేధశాల

గోడే వెంకట జగ్గారావు (1817-1856) విశాఖపట్నానికి చెందిన జమీందారీ కుటుంబీకుడు. ఆయన మద్రాసు వేధశాలలో థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించాడు. తిరిగి వచ్చాక 1840 ప్రాంతంలో విశాఖలో సొంత ఖర్చుతో ఒక వేధశాల స్థాపించాడు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) దాని బాధ్యత తీసుకుని 1874లో జరిగిన శుక్ర సంక్రమణం వంటి ఘటనలను పరిశీలించాడు.

ఈ వేధశాల చేసిన పనుల్లో మన పాఠానికి సంబంధించినది సమయ సంకేతం. రేవుకు ఎదురుగా ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండపై ధ్వజస్తంభం నుంచి పట్టణానికి, ఓడలకు సమయాన్ని తెలిపే ఏర్పాటు జరిగింది. ఓడ నావికుడికి ఇది ప్రాణావసరం. సముద్రంలో రేఖాంశం తెలుసుకోవాలంటే ఓడలోని క్రోనోమీటరు సరిగా ఉండాలి. అది 4 సెకన్లు తప్పితే రేఖాంశంలో ఒక నిమిషం తప్పుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ తప్పు సుమారు 1.85 కిలోమీటర్లకు సమానం. క్రోనోమీటరును సరిచూసుకోవడానికి నావికుడికి రేవులో దొరికే నమ్మకమైన ఆధారం కొండమీది సంకేతమే.

ఈ ఏర్పాటులో మూడు అంచెలున్నాయి. నక్షత్రాలను చూసి గడియారాన్ని సరిచేసే వేధశాల మొదటిది. దాని సమయాన్ని దూరానికి చేరవేసే ధ్వజం రెండోది. ఆ సంకేతాన్ని చూసి తన గడియారాన్ని దిద్దుకుని, సముద్రంలోకి వెళ్ళాక దాని మీదనే ఆధారపడే ఓడ మూడోది. ఈ మూడు అంచెలను గుర్తుంచుకోండి. కంప్యూటరు విషయంలోనూ ఇవి కనిపిస్తాయి.

3. ఒకే దేశం, ఒకే సమయం

స్థానిక సమయాలు ఊరూరికీ వేరుగా ఉన్నంత కాలం పెద్ద ఇబ్బంది లేదు. విశాఖ స్థానిక సమయం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 33 నిమిషాలు ముందుంటే, మద్రాసు సమయం సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందుండేది. ఈ 12 నిమిషాల తేడా ఎద్దుబండి ప్రయాణికుడికి లెక్కలోది కాదు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళకు అది ప్రమాదకరం. అందుకే రైల్వేలు తంతి ద్వారా మద్రాసు సమయాన్ని ఉమ్మడిగా వాడుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుండే భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. అందరూ దాన్ని ఒకేసారి అంగీకరించలేదు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత సమయాలను కొనసాగించాయి.

కొండల్లోకి ఈ సమయాన్ని అడుగడుగునా తెచ్చింది కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం 1960లలో దీన్ని నిర్మించారు. అనంతగిరి కొండలను సొరంగాల ద్వారా దాటి అరకు మీదుగా కోరాపుట్, బస్తర్ వైపు ఈ మార్గం సాగుతుంది. దీనిపై ఉన్న శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంది.

రైల్వే సాధారణ నియమావళిలో ఒక నిబంధన ఉంది. ప్రామాణిక సమయాన్ని ప్రతిరోజూ 16.00 గంటలకు ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ తెలియజేయాలి. స్టేషను గడియారం ఎంత మంచిదైనా రోజుకొకసారి సరిచూడాల్సిందేనని ఈ నిబంధన ఒప్పుకుంటుంది. అయితే రైలును తరవాతి సెక్షనులోకి పంపడానికి గడియారం ఒక్కటే చాలదు. ఆ సెక్షను ఖాళీగా ఉందని అవతలి స్టేషను అనుమతి ఇవ్వాలి. వేళ తెలియడం ఒక విషయం, వనరు ఖాళీగా ఉందని తెలియడం మరొక విషయం అని రైల్వే నేర్చుకుంది.

ఈ కొండల్లో నివసించే భగత, కొండదొర, కోదు, వాల్మీకి, కొటియ తదితర తెగలకు అంతకు ముందు కాలగణన లేదని భావించరాదు. వారానికి ఆధారం సంత రోజు, సంవత్సరానికి ఆధారం విత్తనాల వేళ, కోతల వేళ, చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ. రైలు సమయం దాన్ని చెరిపివేయలేదు. దానిమీద మరో పొరగా వచ్చి చేరింది.

4. కంప్యూటరులో మొదటి గడియారం: వేళ చెప్పేది

కంప్యూటరులో గడియారం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సంప్రదింపు తరగతుల్లో విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే. తేదీ, గంట, నిమిషం తెలిపేది ఒకటి. సర్క్యూట్లను అడుగులో అడుగు వేసి నడిపించే స్పందన రెండోది. ముందుగా మొదటిదాన్ని చూద్దాం.

1971లో యూనిక్స్ మొదటి కూర్పు పీడీపీ-11 యంత్రంపై నడిచింది. అందులో కాలాన్ని సెకనులో అరవయ్యో వంతుల్లో లెక్కించేవారు. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు కావడం వల్ల విద్యుత్ తీగే గడియారంగా ఉపయోగపడింది. కానీ 32 బిట్ల సంఖ్యలో అరవయ్యో వంతులు లెక్కిస్తే సుమారు 828 రోజుల్లో లెక్క నిండిపోతుంది. అందువల్ల తరవాత సెకన్ల లెక్కకు మారి, 1970 జనవరి 1ని ఆరంభంగా స్థిరపరిచారు. నేటికీ మీ ఫోన్లు ఆ తేదీ నుంచే సెకన్లు లెక్కిస్తున్నాయి.

1981 నాటి ఐబీఎం పీసీలో, యంత్రం ఆపేసిన తరవాత కూడా తిరిగే గడియారం లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ, సమయం టైపు చేయవలసి వచ్చేది. 1984లో వచ్చిన పీసీ ఏటీ నమూనాలో మోటరోలా సంస్థ తయారుచేసిన ఎంసీ146818 అనే చిప్, దానికి తోడుగా చిన్న బ్యాటరీ చేరాయి. యంత్రం ఆగినా తిరిగే ఈ గడియారాన్ని రియల్ టైమ్ క్లాక్ అంటారు. సాధారణంగా ఇటువంటి గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అంటే ఒక సెకను.

ఈ చిప్ నుంచి సమయం చదవడం చూసినంత సులువు కాదు. అది గంటను, నిమిషాన్ని, సెకనును వేర్వేరు గదుల్లో దాస్తుంది. సమయం 9:59:59 నుంచి 10:00:00కు మారుతున్న క్షణంలో డ్రైవర్ చదివితే, పాత గంట, కొత్త నిమిషం కలిసి 9:00:00 అని రావచ్చు. ఒక గంట మాయమవుతుంది. అందుకే ‘ఇప్పుడు మారుతున్నాను’ అని తెలిపే ఒక బిట్టును చిప్ చూపిస్తుంది. డ్రైవర్ ముందు దాన్ని పరిశీలించి ఆ తరవాతే చదవాలి.

మరో చిక్కు మన దేశ వినియోగదారులకు బాగా పరిచయం. విండోస్ ఈ చిప్‌లో స్థానిక సమయాన్ని ఉంచుతుంది. యూనిక్స్ సంప్రదాయంలో వచ్చిన వ్యవస్థలు అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతాయి. ఒకే యంత్రంలో రెండూ ఉంటే, ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు గడియారం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు తప్పుతుంది. చిప్ పాడైందని చాలామంది పొరబడతారు. నిజానికి అందులోని అంకె ఏ సమయాన్ని సూచిస్తుందనే విషయంలో రెండు వ్యవస్థల మధ్య ఒప్పందం లేదు. కలకత్తా సమయం, మద్రాసు సమయం ఒకే దేశంలో నడిచిన రోజుల సమస్య ఇక్కడ ఒకే పెట్టెలో పునరావృతమైంది.

లినక్స్‌లో చాలాకాలం ఒక్కో రకం యంత్రానికి ఒక్కో విధమైన గడియారపు కోడ్ ఉండేది. 2006లో వెలువడిన 2.6.17 కూర్పులో అలెశాండ్రో జుమ్మో రూపొందించిన ఉమ్మడి ఏర్పాటు చేరింది. అప్పటినుంచి చిప్ ఏదైనా ‘సమయం చదువు, సమయం పెట్టు, ఫలానా వేళకు లేపు’ అనే ఒకే రకమైన ప్రశ్నలతో కెర్నల్ పని జరుపుకుంటోంది.

5. కంప్యూటరులో రెండో గడియారం: నడిపించేది

ఇక రెండో అర్థం. ఫోనులోని ప్రధాన చిప్‌లో తెర, కెమెరా, మెమొరీ కార్డు, ధ్వని, యూఎస్‌బీ వంటి ఎన్నో విభాగాలుంటాయి. ప్రతి విభాగం ఒక గడియార స్పందన అందితేనే కదులుతుంది. ఈ స్పందనలు ఒకటి రెండు స్ఫటికాల నుంచి పుట్టి, హెచ్చించే సర్క్యూట్ల ద్వారా వేగం పెంచుకుని, భాగించే సర్క్యూట్ల ద్వారా తగ్గించుకుని, చివరన తలుపుల వంటి స్విచ్‌ల గుండా విభాగాలకు చేరతాయి.

కొండవాగు నుంచి మెట్టు పొలాలకు నీరు పారించే తీరును ఊహించండి. వాగు ఒకటే, పిల్లకాలువలు అనేకం, ప్రతి మడికీ ఒక తూము. అవసరం లేని మడికి తూము తెరిచి ఉంచితే నీరు వృథా. ఇతరులు తడుపుకుంటుండగా పైకాలువ మూస్తే అందరి పైరూ ఎండుతుంది. చిప్‌లో నీటి స్థానంలో ఉన్నది బ్యాటరీ శక్తి. సర్క్యూట్‌లో స్పందన తిరిగినంతసేపు, ఆ విభాగం పని చేయకపోయినా, విద్యుత్తు ఖర్చవుతూనే ఉంటుంది.

తూములు తెరిచి మూసే పని డివైస్ డ్రైవర్లది. ఇందుకు 2000 దశకం మధ్యలో ఏఆర్ఎం ప్రాసెసర్ల కోసం రసెల్ కింగ్ ఒక ప్రామాణిక పద్ధతి ప్రవేశపెట్టాడు. డ్రైవర్ తన గడియారాన్ని పేరుతో అడుగుతుంది, తెరవమంటుంది, పని ముగిశాక మూయమంటుంది. కానీ అడిగే తీరు మాత్రమే ఉమ్మడిది. లోపలి అమలును ప్రతి చిప్ తయారీదారు విడిగా రాసుకున్నారు. దాంతో ఒకే పని చేసే కోడ్ పదుల చోట్ల పేరుకుపోయింది. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏఆర్ఎం కోడ్‌లోని ఈ గందరగోళాన్ని బహిరంగంగా తప్పుపట్టాడు. జెరెమీ కెర్ అంతకు ముందు మొదలుపెట్టిన ప్రయత్నాన్ని మైక్ టర్కెట్ ముందుకు తీసుకువెళ్ళాడు. 2012 మే నెలలో వెలువడిన లినక్స్ 3.4లో ‘కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్’ అనే ఉమ్మడి వ్యవస్థ చేరింది.

దాని నియమాలు ముఖ్యంగా మూడు.

ఒకటి, లెక్క. ఒక గడియారాన్ని ఎంతమంది వాడుతున్నారో కెర్నల్ లెక్కపెడుతుంది. తెరవమన్న ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది, మూయమన్న ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నా అయినప్పుడే తూము మూతపడుతుంది. కింది గడియారం తెరవాలంటే దాని పై గడియారాలన్నీ ముందుగా తెరుచుకోవాలి.

రెండు, సన్నాహం వేరు, తెరవడం వేరు. కొన్ని గడియారాలు స్థిరపడడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో డ్రైవర్ నిద్రపోయి వేచి ఉండవచ్చు. కానీ అంతరాయం వచ్చినప్పుడు వెంటనే స్పందించే కోడ్‌కు నిద్రపోయే స్వేచ్ఛ లేదు. అందుకే నిదానంగా జరిగే పనిని ‘ప్రిపేర్’ అని, తక్షణం జరగవలసిన పనిని ‘ఎనేబుల్’ అని విడదీశారు.

మూడు, ఎవరూ అడగని గడియారాన్ని మూసివేయడం. యంత్రం లేచే క్రమం చివరి దశలో, ఏ డ్రైవరూ కోరని గడియారాలను కెర్నల్ ఆపేస్తుంది. దీనివల్ల కొన్ని పాత లోపాలు బయటపడతాయి. ఒక డ్రైవర్ తన గడియారాన్ని అడగడం మరిచినా, బూట్‌లోడర్ ముందే దాన్ని తెరిచి ఉంచడం వల్ల పరికరం అంతవరకు పని చేస్తూ వచ్చి ఉంటుంది. కెర్నల్ దాన్ని మూసిన వెంటనే తెర ఆరిపోతుంది, లేదా యంత్రం స్తంభిస్తుంది. మరొకరు తెరిచిన తూము కింద తడిసిన మడి అది. తన అవసరాన్ని తాను నమోదు చేసుకోకపోవడమే దాని లోపం.

6. సంకేతం అందని చోట

ఇప్పుడు తిరిగి కొండల వైపు చూద్దాం. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో భారత ప్రామాణిక సమయాన్ని నిర్వహిస్తోంది. ఇంటర్‌నెట్ మీద సమయాన్ని పంచే ఎన్‌టీపీ పద్ధతిని 1985లో డేవిడ్ మిల్స్ ప్రమాణంగా ప్రకటించాడు. మొబైల్ టవరు కూడా ఫోనుకు సమయం చెబుతుంది. ఇవన్నీ డాల్ఫిన్స్ నోస్ ధ్వజానికి వారసులే. అయితే ధ్వజం కనిపించనంత దూరం వెళ్ళిన ఓడకు తన క్రోనోమీటరే దిక్కయినట్టు, సంకేతం లేని గూడెంలోని యంత్రానికి లోపలి చిన్న గడియారమే దిక్కు.

ఆ గడియారం ఎంత నమ్మదగినది? సాధారణ స్ఫటికంలో పది లక్షలకు 20 వంతుల తప్పు ఉంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు, ఏడాదికి పది నిమిషాలకు పైగా తేడా వస్తుంది. ఈ స్ఫటికాలు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా నడిచేలా తయారవుతాయి. చలి పెరిగినా, వేడి పెరిగినా నెమ్మదిస్తాయి. చింతపల్లి మండలంలోని లంబసింగిలో చలికాలం ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. 5 డిగ్రీల చలిలో ఇటువంటి స్ఫటికం, ఇతర లోపాలేవీ లేకున్నా, రోజుకు ఒక సెకనుకు పైగా వెనకబడుతుంది. ప్రామాణిక రేఖకు పక్కనే ఉన్న ఊళ్ళో గడియారం ప్రామాణిక సమయానికి దూరమవుతుంది.

సెకన్ల తేడా పెద్ద నష్టం కాదు. బ్యాటరీ చచ్చిపోయినప్పుడే అసలు సమస్య. అప్పుడు యంత్రం 1970 జనవరి 1 అని గాని, తయారైన నాటి తేదీ అని గాని చెబుతుంది. సురక్షిత వెబ్‌సైట్లు చూపే ధ్రువపత్రాలకు ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. యంత్రం తేదీ ఆ హద్దుల బయట ఉంటే సైటు తెరుచుకోదు. నెట్‌వర్క్ దొరికిన కాసేపట్లో దరఖాస్తు పంపుదామని కొండ దిగివచ్చిన విద్యార్థికి కనిపించేది ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అనే హెచ్చరిక. తప్పు తనదో, సైటుదో, ఫోనుదో అతనికి తెలియదు. కొన్ని చవక కంప్యూటర్ బోర్డుల్లో అసలు రియల్ టైమ్ క్లాకే ఉండదు. రాస్ప్‌బెరీ పై బోర్డులో 2023లో వచ్చిన ఐదో నమూనాతోనే అది చేరింది. నిరంతర నెట్‌వర్క్ ఉన్న నగరంలో ఈ లోటు ఎవరికీ కనిపించదు. కరెంటు పోయి వచ్చే చోట, సిగ్నల్ లేని చోట, పాఠాలు దాచిపెట్టిన అలాంటి బోర్డు ప్రతిసారీ తప్పు తేదీతో లేస్తుంది.

ఇక ముందున్న గడువు 2038 జనవరి 19. ఆ రోజు భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తరవాత, 1970 నుంచి సెకన్లను లెక్కిస్తున్న 32 బిట్ల సంఖ్య నిండిపోతుంది. సరిచేయని యంత్రాలు 1901కి వెనక్కి వెళ్తాయి. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి 32 బిట్ల యంత్రాలు కూడా ఈ గడువు దాటి నడవగలవు. కానీ ఒకసారి బిగించి వదిలేసిన మీటర్లు, రూటర్లు, నియంత్రణ పెట్టెలు తమంతట తాము మారవు. మరమ్మతు చేసేవారు అరుదుగా వెళ్ళే చోటనే పాత పరికరాలు ఎక్కువకాలం మిగులుతాయి.

ఉమ్మడి వ్యవస్థ వల్ల కలిగిన మేలు తక్కువది కాదు. అది లేకపోతే ప్రతి చిప్‌కూ విడి కోడ్, ప్రతి ఊరికీ విడి సమయం మిగిలేవి. అయితే ఉమ్మడి సంకేతం అందరికీ, అన్నివేళలా అందుతుందనుకుని స్థానిక గడియారాన్ని తీసివేసినప్పుడు, ఆ ఖర్చు తగ్గింపు భారం చివరి ఊరిమీద పడుతుంది. జగ్గారావు సంకేతం ఓడల్లోని క్రోనోమీటర్లను అనవసరం చేయలేదు. వాటిని సరిదిద్దింది. మంచి డ్రైవర్ కూడా అంతే: సంకేతం ఉన్నప్పుడు దిద్దుకుంటుంది, లేనప్పుడు తన గడియారంతో నడుస్తుంది, ఆ గడియారాన్ని నమ్మలేని స్థితి వస్తే ఆ విషయం వినియోగదారుకు స్పష్టంగా చెబుతుంది.

7. సారాంశం

1840 ప్రాంతంలో విశాఖలో వెలసిన వేధశాల సమయాన్ని లెక్కించి, పంచింది. 1906లో దేశానికి ఒకే ప్రామాణిక సమయం వచ్చింది. 1960లలో రైలు మార్గం ద్వారా అది అరకు కొండల్లో స్టేషను స్టేషనుకూ చేరింది. కంప్యూటరులో వేళ చెప్పే గడియారానికి 2006లోను, పరికరాలను నడిపించే గడియారాలకు 2012లోను లినక్స్‌లో ఉమ్మడి వ్యవస్థలు ఏర్పడ్డాయి. ప్రతి దశలోనూ విడివిడి ఏర్పాట్లు ఉమ్మడి ఒప్పందంగా మారాయి. ప్రతి దశలోనూ ఆ ఒప్పందం విలువను కొలవవలసింది సంకేతం చివరగా చేరే చోట.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. విశాఖ వేధశాల సమయ సంకేత ఏర్పాటులోని మూడు అంచెలను పేర్కొని, కంప్యూటరులో వాటికి సమానమైనవాటిని గుర్తించండి.
2. గడియారాన్ని తెరవడంలో ‘ప్రిపేర్’, ‘ఎనేబుల్’ అనే రెండు దశలు ఎందుకు అవసరమయ్యాయి?
3. ఒక డ్రైవర్ తన గడియారాన్ని అడగడం మరిచినా పరికరం కొంతసేపు పని చేయడానికి కారణమేమిటి?
4. కృత్యం: మీ చేతిగడియారాన్ని గాని, నెట్‌వర్క్ సమయాన్ని ఆపివేసిన పాత ఫోనును గాని ఒక రోజు ప్రామాణిక సమయంతో సరిచేయండి. 30 రోజుల తరవాత తేడా చూసి, రోజుకు ఎన్ని సెకన్లు తప్పిందో లెక్కగట్టండి.